మహారాణిపేట ట్రంకుపెట్టె: ఇంట్లోవాళ్ల మాట, తోలుపట్టీ కింది ముద్ర

సరుకు ఒక ఇనప ట్రంకుపెట్టె, ఒక రేకు టోపీ డబ్బా. ఇల్లు విశాఖపట్నం మహారాణిపేటలో, డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసిన పాత డాబా. అమ్మేవాళ్లు ఆ ఇంటి పెద్దాయన కోడలు, మనవడు. పెద్దాయన కుర్రతనంలో హార్బరు పనుల్లో చేరి, రిటైరయ్యేదాకా పోర్టులోనే ఉన్నారు. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీంచి దిగింది ఈ పెట్టె. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ అప్పటికే వచ్చి మొత్తం కలిపి ఒక పెద్ద టిఫిన్ క్యారియరు ఇస్తానని బేరం పెట్టింది. కోడలుగారికి మనసొప్పక, వాళ్లనీ వీళ్లనీ అడిగి నాకు ఫోను చేశారు.

పాతకాలం నాటి మగవాళ్ల టోపీలు, దుస్తులు కొని అమ్మడం నా పని. ఈ వ్యాపారంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏ వస్తువు చూపించినా ముందు అడిగేది "ఇది ఎంత పాతది?" అని. డబ్బు పెట్టి కొనేవాడు అలా అడగడు. "అంత పాతదని నీకెలా తెలుసు?" అంటాడు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరం ఉందో ఈ పెట్టెలో బాగా కనిపించింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో అన్నిటికంటే పైన ఖాకీ గుడ్డ తొడిగిన బెండు టోపీ, మనవాళ్లు దొర టోపీ అనేది. రేకు డబ్బాలో ముదురు గోధుమరంగు ఫెల్ట్ టోపీ, అంటే బొచ్చుని కుదించి చేసినది. కింద ఒక ట్వీడ్ (ముతక ఉన్ని) కోటు, రెండు తెల్ల డ్రిల్లు (దళసరి నూలుగుడ్డ) ప్యాంట్లు, మెడదాకా బొత్తాలుండే టస్సర్ పట్టు క్లోజ్‌కోటు, కాలరు విడిగా తగిలించుకునే చొక్కాలు కొన్ని, ఒక టెరిలిన్ సూటు, అట్టడుగున పొందూరు ఖద్దరు లాల్చీ, పంచె. నాఫ్తలీన్ ఉండలు ఏనాడో హరించుకుపోయి వాసన మాత్రం మిగిలింది. చిమ్మట పురుగులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. 2014 హుద్‌హుద్‌లో అటక మీదికి నీళ్లొచ్చాయట. పెట్టె అడుగంతా తుప్పు, పంచె అంచు వెంట తుప్పు మరకలు. పైన ఉండబట్టి టోపీ బతికింది.

వస్తువులతోపాటు రెండు కథలు కూడా వచ్చాయి. మొదటిది బెండు టోపీది. 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ విశాఖ హార్బరు ప్రారంభానికి వచ్చినప్పుడు, అక్కడ పనిచేసే ఇంజినీరు దొర ఒకాయన తన తలమీది టోపీ తీసి పెద్దాయన తలమీద పెట్టాడని. రెండోది ఫెల్ట్ టోపీది. అది 1900 నాటిది, అంటే పెద్దాయన తండ్రిగారిదై ఉండాలని. "లోపల 1900 అని రాసుంది చూడండి" అన్నాడు మనవడు. ఇంటర్నెట్‌లో ఏవో ధరలు చూసి, బెండు టోపీ ఒక్కదానికే 50 వేలు మనసులో పెట్టుకున్నాడు.

ఇలాంటి చోట నేను ముందు ధర మాట ఎత్తను, కథ తప్పనీ అనను. ఏ వస్తువు ఏ వరసలో ఉంది, ఏ జేబులో ఏముంది అని ఫోటోలు తీసుకుంటాను. దులపడం, మడతలు విప్పడం ఆ తర్వాతే. పాత బట్టకి పట్టిన మట్టిలో సగం మట్టే, మిగతా సగం ఆధారం. ఏది ఏదో తేలేదాకా బ్రష్షు పట్టుకోకూడదు.

బెండు టోపీ

ఈ టోపీలు జీలుగ బెండుతో చేసేవారు. నీటి పల్లాల్లో పెరిగే మొక్క అది. కాడ లోపల తెల్లగా, స్పాంజిలా ఉండే భాగాన్ని పలుచటి రేకుల్లా చెక్కి, అచ్చు మీద పొరలు పొరలుగా గంజితో అంటించి, ఎండాక పైన గుడ్డ తొడుగుతారు. బెంగాల్లో దుర్గాపూజ అలంకారాలు చేసేదీ ఈ బెండుతోనే. చేత్తో ఎత్తగానే సగం పరీక్ష అయిపోతుంది. అంత పెద్ద టోపీ ఏమీ బరువుండదు. గట్టి ఫైబర్ అట్టని అచ్చులో నొక్కి చేసినవీ, వియత్నాం నుంచి వచ్చే కొత్తవీ చూడ్డానికి ఇలాగే ఉంటాయి కానీ చేతికి తేడా తెలిసిపోతుంది. ఇది బెండుదే. వేలితో మెల్లిగా అదిమితే ఎక్కడా లొట్ట పోలేదు, పొడి రాలలేదు. అంచు కింద ఆకుపచ్చ గుడ్డ ఉంది, కింద నుంచి కొట్టే వెలుగు కళ్లకి తగ్గడానికి. నడినెత్తిన గాలి మూత, లోపల తలకీ బెండుకీ మధ్య ఖాళీ ఉండేలా బిగించిన తోలుపట్టీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

తర్వాత గది చీకటి చేసి యూవీ టార్చి వేశాను. దొంగనోట్లు చూసే టార్చే. ఈ రోజుల్లో దారాలకీ గుడ్డలకీ తెల్లదనం కోసం కలిపే రసాయనాలు దాని కింద నీలంగా మెరుస్తాయి. ఈ టోపీ కుట్లు ఎక్కడా మెరవలేదు. ఈ పరీక్షకి ఒక హద్దుంది. మెరవకపోతే మంచిదే కానీ, మెరిసినంత మాత్రాన కొత్తదని కాదు. యాభై ఏళ్ల చొక్కా అయినా నిన్న సర్ఫులో ఉతికితే మెరుస్తుంది. టోపీని సాధారణంగా ఎవరూ ఉతకరు కాబట్టి ఇక్కడ పనికొస్తుంది.

అసలు విషయం తోలుపట్టీ వెనక ఉంది. రెండు కణతల దగ్గరా పట్టీ కాస్త ఉబ్బెత్తుగా కనిపించింది. చెంచా పిడితో పట్టీని కొంచెం వంచి చూస్తే లోపల మడిచి దోపిన న్యూస్‌పేపర్ ముక్కలు. టోపీ వదులైతే అందరూ చేసే పనే. అంటే ఈ టోపీ పెద్దాయన తలకి కొలిచి తీసుకున్నది కాదు, ఇంకొకరి సైజు ఆయన దగ్గరికొచ్చింది. అక్కడిదాకా ఇంట్లోవాళ్ల కథకి బలమే. కాగితం బెల్లం రంగుకి తిరిగి, అంచులు చేతిలో పొడి అయిపోయేలా ఉంది. తెలుగు అచ్చు. తేదీ ఉన్న ముక్క లేదు కానీ ఒక ప్రకటనలో ధర రూపాయి, అణాల్లో ఉంది. మనకి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఆ చుట్టుపక్కలో, అంతకుముందో అచ్చయిన కాగితం అన్నమాట. అయితే కాగితం వయసు కాగితానిదే. దాన్ని దోపిన రోజుకి టోపీ అప్పటికే ఉందని మాత్రమే అది చెబుతుంది, టోపీ పుట్టిన ఏడు చెప్పదు. ఈ పొరపాటు చాలామంది అమ్మకందార్ల వర్ణనల్లో చూస్తుంటాను. జేబులో దొరికిన సినిమా టిక్కెట్టు తేదీని కోటు తేదీ చేసేస్తారు.

ఎడమ కణత వైపు కాగితం తీశాక, దాని వెనక గుడ్డ మీద ఊదారంగు సిరాతో వేసిన ముద్ర కనిపించింది. పైన చిన్న బాణం గుర్తు. కింద కంపెనీ పేరు ఉండాల్సిన చోట చెమటకి కరిగిపోయిన గీతలు. వాటి కింద అంకెలు. ముందు నాలుగో అంకె 7 అనిపించింది. టార్చి పక్కవాటుగా పట్టి, భూతద్దంలో, ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే ఏ సందేహమూ లేదు, 1942.

బాణం బ్రిటిష్ ప్రభుత్వం సైన్యపు సరుకు మీద వేసే గుర్తు. యుద్ధకాలంలో కాంట్రాక్టు మీద చేయించిన టోపీల్లో ఇలా గుర్తు, సంవత్సరం వేసేవారు. అంటే ఇది ఇంజినీరు దొర సొంత డబ్బుతో దుకాణంలో కొనుక్కున్న టోపీ కాదు, సైన్యానికి చేసిన టోపీ. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ ఏడు ఈ ఊళ్లో సైన్యపు టోపీలు కనిపించడం వింతేమీ కాదు. బర్మా యుద్ధం సాగుతుండగానే సైన్యం బెండు టోపీని పక్కనపెట్టి మెత్తటి స్లౌచ్ హ్యాట్లకి మారిపోయింది. వదిలేసిన టోపీలు ఎవరెవరి చేతుల్లోకో వెళ్లాయి. ఇది పోర్టు ఉద్యోగి ఇంటికి ఏ దారిన వచ్చిందో ముద్ర చెప్పదు కాబట్టి, వర్ణనలో నేనూ చెప్పలేదు.

ముద్ర వల్ల ఇంకో పని కూడా జరిగింది. చరిత్ర విలువ ఉన్న వస్తువు నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అలాంటివి అమ్మే వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి, ప్రైవేటు మనిషి విదేశాలకి పంపడానికి వీల్లేదు. ఆ లైసెన్సు నాకు లేదు, కాబట్టి నూరేళ్ల గీతకి దగ్గరగా ఉన్నది దేన్నీ నేను ముట్టుకోను. "ఎంత పాతదైతే అంత ధర" అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. నిజంగా అంత పాతదైతే బేరం పెరగదు, ఆగిపోతుంది. టోపీ మీద ఏడు స్పష్టంగా ఉంటే ఈ టెన్షన్ లేదు.

ఇంట్లోవాళ్లకి చెప్పడం

పని కష్టమయ్యేది ఇక్కడే. ఫోటో పెద్దది చేసి ల్యాప్‌టాప్‌లో చూపించాను. కోడలుగారు చాలాసేపు చూశారు.

"అంటే మా మామగారు అబద్ధం చెప్పారంటావా బాబూ?"

"లేదమ్మా. దొర ఇచ్చిన టోపీ ఒకటి నిజంగానే ఉండి ఉండొచ్చు. అది పాడైపోయి, తర్వాత ఇది వచ్చి ఉండొచ్చు. 1933లో మాత్రం ఈ టోపీ పుట్టలేదు."

మనవడిది వేరే లెక్క. "కాగితాలు మళ్లీ అలాగే దోపేస్తే సరిపోతుంది కదండీ? కొన్నవాళ్లు విప్పి చూస్తారా ఏంటి?"

చూస్తారు. ఈ టోపీల సంగతి తెలిసినవాడు చేతికి రాగానే చేసే మొదటి పని తోలుపట్టీ ఎత్తి చూడటమే. 1933 అని రాసి అమ్మితే వారంలో వెనక్కొస్తుంది, డబ్బుతోపాటు నా పేరూ పోతుంది. అతనికి నేను చెప్పింది ఇంకోటి. 1933 కథకి ఆధారం మీ నోటిమాట తప్ప ఏమీ లేదు. 1942కి మాత్రం సిరా ఉంది, బాణం ఉంది, ఊరి చరిత్ర ఉంది. యుద్ధకాలపు సామాన్లు సేకరించేవాళ్లు సంవత్సరం పడిన వస్తువు కోసం వెతుకుతుంటారు. మీ కథతో అయితే ఇది హోటల్లో గోడకి తగిలించే అలంకారం. ముద్రతో అయితే సేకరణలో చోటున్న వస్తువు.

పక్కనే సామాన్లు సర్దుతున్న ముసలాయన, ఆ ఇంట్లో ఎన్నాళ్లనుంచో పనిచేసే మనిషి, ఇదంతా వింటూ "పాత టోపీకి ఇన్ని పరీచ్చలేటి బాబూ, నెత్తిమీద పెడితే ఎండ తగల్దు కదేటి" అన్నాడు. కోడలుగారు నవ్వేశారు. బేరం అప్పుడు మొదలైంది.

రెండు టోపీలూ కమీషన్ మీద తీసుకున్నాను, అమ్మిన ధరలో నాకు నాలుగో వంతు. బట్టలన్నీ కలిపి 9 వేలకి ఒకేసారి కొన్నాను. ధర ఊహించడం కష్టమైన వస్తువుని కమీషన్ మీద ఉంచడం ఇద్దరికీ మంచిది. తక్కువకి కొట్టేశాడని వాళ్లకి అనుమానం ఉండదు, ఎక్కువ పెట్టేశానని నాకు బెంగ ఉండదు. ఏ వస్తువు, ఏ స్థితిలో, ఏ షరతు మీద తీసుకున్నానో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. పెద్దాయన కథని కోడలుగారి మాటల్లోనే ఒక కాగితం మీద రాయించి, "కుటుంబం చెప్పినది" అని పైన వేసి టోపీతో జతచేశాను. కథని పారేయడం ఎందుకు? కథగానే ఇవ్వాలి, అంతే.

ఫెల్ట్ టోపీ మీద 1900

ఇది ఇటలీ టోపీ, బోర్సలినో. లోపలి లైనింగు మీద బొమ్మతోపాటు గ్రాన్ ప్రి, పారిస్, 1900 అని అచ్చు ఉంది. మనవడు చూసింది దాన్నే. ఆ ఏడు పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ కంపెనీకి వచ్చిన బహుమతి అది. తర్వాత దశాబ్దాల పాటు టోపీల్లో దాన్ని వేసుకుంటూనే ఉన్నారు. కంపెనీ పుట్టింది 1857లో. ఇంగ్లండు క్రిస్టీస్ 1773 నాటి కంపెనీ, అమెరికా స్టెట్సన్ 1865 నాటిది. ఇలాంటి పాత కంపెనీల లేబుళ్ల మీద కనిపించే ఏడు చూసి టోపీకి వయసు కట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

టోపీ ఎవరిదో లోపలి తోలుపట్టీయే చెప్పింది. దాని మీద బంగారురంగులో రెండు పొడి అక్షరాలు అద్దించి ఉన్నాయి, పెద్దాయన పేరువి. కొన్నప్పుడు దుకాణంలో చేసి ఇచ్చే పని అది. కాబట్టి ఇది తండ్రిగారిది కాదు. ఉద్యోగంలో స్థిరపడ్డాక పెద్దాయన కొనుక్కున్నదే, 20వ శతాబ్దం మధ్యకాలానిది. నూరేళ్ల గొడవ దీనికీ తప్పింది.

ఫెల్ట్ టోపీల విషయంలో మన దగ్గర ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. పూర్వం కుందేలు బొచ్చుని ఫెల్ట్‌గా కుదించడానికి పాదరసం ఉప్పుతో తడిపేవారు. ఆ పని చేసిన కార్మికులకి చేతులు వణకడం, మతి చెడటం మామూలుగా ఉండేది. అమెరికాలో 1941 డిసెంబరులో ఈ పద్ధతిని ఆపేశారు. అన్ని దేశాల్లో ఒకేసారి ఆగలేదు. పాత టోపీల్లో ఆ పాదరసం ఇంకా ఉండొచ్చు, మ్యూజియంల వాళ్లు వీటిని గ్లవుజులతో పట్టుకునేది అందుకే. ఎప్పటిదో గట్టిగా తెలియని ఫెల్ట్‌ని నేను నైట్రైల్ గ్లవుజులు, మాస్కు లేకుండా ముట్టను. దులిపేది డాబా మీద, గాలికి ఎదురుగా కాకుండా. యూట్యూబులో అందరూ చూపించే ఆవిరి పద్ధతి, అంటే కెటిల్ ముందు పట్టి ఆకారం సరిచేయడం, ఇలాంటి టోపీలకి అస్సలు చెయ్యను. వేడి తగిలితే పాదరసం గాల్లోకి లేస్తుంది. అమ్మేటప్పుడు కొనేవాళ్లకి కూడా ఈ మాట రాసి ఇస్తాను. ఇలా చెప్పడం వల్ల నాకు కొన్ని బేరాలు పోయాయి, పోనీ.

ఆవిరి లేకుండా చేయగలిగింది కొంతే. మెత్తటి గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో బొచ్చు వాలిన వైపుకే మెల్లిగా దువ్వాను. అంచు అడుగున చిమ్మట పురుగు గీకిన దారులు రెండు ఉన్నాయి, పైపైన మేసింది కానీ రంధ్రం పడలేదు. వాటిని పూడ్చలేదు, దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టాను. తోలుపట్టీ వెనక భాగంలో పగిలింది. తోలు ఎండి, బిగుసుకుని, టోపీని తనతోపాటు లోపలికి లాగుతుంది కాబట్టి లోపల ముద్రించిన సైజుని నమ్మకూడదు. టేపు పెట్టి కొలవాలి. లోపల 58 అని ఉంది, కొలిస్తే 57 దాటి కాస్త వచ్చింది. 58 సెంటీమీటర్లంటే ఇంగ్లండు సైజుల్లో ఏడూ ఎనిమిదో వంతు (7⅛), అమెరికా సైజుల్లో ఏడుంబావు (7¼). ఇంగ్లండు అంకె అమెరికా అంకె కంటే ఎప్పుడూ ఎనిమిదో వంతు తక్కువ. ఆన్‌లైన్లో కొనేవాళ్లు తరచు ఇక్కడే బోల్తా పడతారు, అందుకని నేను సెంటీమీటర్లు తప్ప వేరే అంకె రాయను.

బట్టలు, చాకలి గుర్తు

ట్వీడ్ కోటు లోపలి జేబు మీద టైలరు లేబులు. మద్రాసు మౌంట్‌రోడ్ అడ్రసు, చివర మద్రాస్-2 అని ఉంది. ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న, కాబట్టి ఈ లేబులు అంతకుముందుది అనుకోవచ్చు. ఉన్ని బట్టల మీద మెలితిరిగిన దారపు ఉండలా కనిపించే వూల్‌మార్క్ గుర్తు 1964లో మొదలైంది. అది ఉంటే 1964 తర్వాతదని చెప్పొచ్చు. ఈ కోటు మీద లేదు. లేకపోవడం దేనికీ రుజువు కాదు. టెరిలిన్ సూటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ పాలియెస్టర్ దారం ఇంగ్లండులో కనిపెట్టిందే 1941లో, మన మధ్యతరగతికి మోజైంది 1960ల్లో. ప్యాంటుకి జిప్పు ఉంది. డ్రిల్లు ప్యాంట్లకి జిప్పు చోట బొత్తాలే.

నన్ను ఆపేసింది చాకలి గుర్తు. డ్రిల్లు ప్యాంట్ల నడుం పట్టీ లోపల, చొక్కాల మెడ వెనక, లాల్చీ అంచు మూలన, క్లోజ్‌కోటు లోపల కూడా, అన్నిటి మీదా ఒకటే గుర్తు. రెండు అడ్డగీతలు, పక్కన మూడు చుక్కలు. నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు అది, ఎన్ని ఉతుకులు పడినా పోదు. ఊళ్లో ఏ రెండు ఇళ్ల బట్టలూ కలవకుండా చాకలివాళ్లు ఇంటికో గుర్తు పెట్టేవారు. పెట్టెలోవన్నీ ఒకే ఇంటివని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకెప్పుడూ దొరకలేదు. ఆఫీసుకి డ్రిల్లు ప్యాంటు, ఊళ్లో పెద్దరికానికి క్లోజ్‌కోటు, ఇంట్లో పొందూరు లాల్చీ, అన్నీ ఒక్క ఇంటి మూటలోనే వెళ్లి వచ్చేవి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు కొందరు ఈ గుర్తుని మరక అనుకుని యాసిడ్‌తో తీయబోతారు. నల్లజీడి పోదు, గుడ్డ పోతుంది.

ఉన్ని కోటుని మిగతావాటితో కలపకుండా పాలిథిన్ సంచిలో గాలి తీసి సీలు చేసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచాను. తీశాక సంచి వెంటనే విప్పకూడదు. మన ఊరి తేమగాలికి చల్లటి గుడ్డ మీద నిమిషంలో నీళ్లు పడతాయి, ఒక రాత్రి అలాగే వదిలి తెల్లారి విప్పాలి. నాఫ్తలీన్ వాసన పోవడానికి నీడలో గాలికి ఆరేయడం తప్ప మార్గం లేదు. వేపాకు వేశానని కొందరు ధీమాగా ఉంటారు. లోపల గుడ్లు ఉన్నాక వేపాకు చూసి భయపడే చిమ్మట నాకింకా తగల్లేదు.

డ్రిల్లు ప్యాంట్లు, చొక్కాలు గంజితో మడతపెట్టినవి. గంజి పసుపు తిరుగుతుంది, దానికోసం వెండిపురుగులు చేరతాయి. మినరల్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ గంజి వదలగొట్టాక, ఆక్సిజన్ బ్లీచ్ పౌడరు కొద్దిగా వేస్తే నూలు వరకు బాగానే తెల్లబడ్డాయి. టస్సర్‌కి, ఉన్నికి ఆ పౌడరు తగలకూడదు. పంచె మీద తుప్పు మరకలు అలాగే వదిలేశాను. నిమ్మకాయ, ఉప్పు, ఎండ అని అందరికీ తెలిసిన చిట్కా ఉంది కానీ పులుపు తుప్పుతోపాటు నూలునీ తింటుంది. సన్నటి పొందూరు నేతకి అది చావుదెబ్బ.

ఆ లాల్చీ గురించి రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏరి, దువ్వి, చేత్తో 100 నంబరు నూలు దాకా వడుకుతారు (నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం). వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే నేత సమానంగా ఉండదు, అక్కడక్కడ దారం కొంచెం లావై సన్నమవుతుంది. మిల్లు గుడ్డలో ఆ అలలుండవు. మెడ దగ్గర చిన్న అతుకు ఉంది, అదే గుడ్డ ముక్కతో, కంటికి ఆనని కుట్లతో. ఇంట్లో ఎవరో ఆడవాళ్లు వేసిన అతుకు. కోడలుగారిని అడిగితే "అత్తగారే అయ్యుంటారు, ఆవిడ కుట్టు అలాగే ఉంటుంది" అన్నారు. పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. బోర్సలినో ఇంకోటి దొరుకుతుంది.

ఎవరు కొన్నారు

బెండు టోపీని పుణెలో ఉండే సేకర్త ఒకాయన 11 వేలకి తీసుకున్నారు. యుద్ధకాలపు టోపీలే ఆయన సేకరణ. బేరమాడలేదు. ముద్ర ఫోటోలు, న్యూస్‌పేపర్ ముక్కలు విడిగా కవర్లో, కుటుంబం రాసిచ్చిన కాగితం, అన్నీ అడిగి తీసుకున్నారు. 50 వేలు అనుకున్న మనవడికి 11 వేలు చిన్నగానే అనిపించింది. కానీ ఇదే టోపీ ముద్ర చూపకుండా లోకల్‌గా ఎంతకి పోతుందో చూద్దామని అతనే తెలిసినవాళ్లని అడిగితే, ఒక కెఫే వాళ్లు 2 వేలు అన్నారట.

ఫెల్ట్ టోపీ 14,500కి ఇక్కడే పోయింది. సీతమ్మధారలో ఉండే డాక్టరుగారు, తలకొలత 57. విశాఖలో ఫెల్ట్ టోపీ పెట్టుకునే వాతావరణం ఏడాదిలో ఎన్ని రోజులుంటుందని నేనే అడిగాను. "డిసెంబర్లో అరకు పోతాం కదండీ" అన్నారు. పాదరసం సంగతి చెబితే ఆయన వెనక్కి తగ్గలేదు, లోపల పట్టుగుడ్డ లైనింగు వేయించుకుని, ఎక్కువ షోకేసులోనే ఉంచుతానన్నారు.

డ్రిల్లు ప్యాంట్లు, చొక్కాలు ఫోటో స్టూడియో వాళ్లకి, టెరిలిన్ సూటు షార్ట్‌ఫిల్ములు తీసే కుర్రాళ్లకి వెళ్లాయి. లాల్చీ, పంచె చేనేత మీద పనిచేసే డిజైనరు ఒకామె 4 వేలకి తీసుకున్నారు. ఆవిడకి ఆ అతుకే కావాలట.

క్లోజ్‌కోటు కోసం నాటకాల వాళ్లు అద్దెకి అడిగారు. అసలు వస్తువు స్టేజీకి ఇవ్వను. లైట్ల వేడికి ఒక్క రాత్రి చెమట చాలు టస్సర్ చంకల్లో చిట్లడానికి. వన్‌టౌన్‌లో నాకు తెలిసిన టైలరు మాస్టారు దాన్ని విప్పకుండానే కొలతలు తీసి, ఆ మెడపట్టీ నిలబడే తీరు, భుజం కుట్టు వెనక్కి జరిగి ఉండే తీరు పట్టుకుని, మామూలు గుడ్డలో నకళ్లు కుట్టి పెట్టారు. అవి అద్దెకి తిరుగుతున్నాయి. ఈ పెట్టె మీద నెలనెలా డబ్బు తెచ్చేది అవే. అసలు కోటు నా దగ్గర నమూనాగా ఉండిపోయింది.

ఈ అమ్మకం సంగతి తెలిసి కొందరు నేవీ టోపీలు పట్టుకొచ్చారు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కదా, ఇళ్లలో అవి ఉంటాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న సైనిక దుస్తులు, బ్యాడ్జీలు నేను కొనను. సైనికుడు కానివాడు సైనికుడిలా కనబడేలా వాటిని వేసుకోవడం మన చట్టం ప్రకారం నేరం. ఎవరు ఎందుకు కొంటున్నారో నేను కనిపెట్టలేను.

ట్వీడ్ కోటు ఇంకా అమ్ముడుపోలేదు. ఛాతీ 36 అంగుళాలు, చేతులు పొట్టి. ఆ రోజుల్లో మనుషులు సన్నం, ఇప్పుడు ఆ కొలత ఉన్నది కాలేజీ కుర్రాళ్లకే, వాళ్ల దగ్గర 6 వేలుండవు. ఫిబ్రవరి దాటితే విశాఖలో ఉన్ని కోటు వైపు ఎవరూ చూడరు కాబట్టి సంచిలో సీలు చేసి, సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టేశాను. నవంబర్లో 4,500కి మళ్లీ పెడతాను.